ఎండకెత్తిన తెరచాప

వెలుగు తోస్తుందని ప్రయోగంలో తేలి నూటపాతికేళ్లయింది. ఆ తోపును పట్టుకునే చాపను మడిచి, పైకి పంపి, చిరగకుండా విప్పడం దగ్గరే ఇప్పటికీ తిప్పలు.

మే నెల మధ్యాహ్నం బజారుకెళ్లొచ్చిన మనిషి చెప్పులు విప్పుతూనే ‘ఎండ కొట్టేస్తోంది’ అంటాడు. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడితే ఇంట్లోవాళ్లు ‘ఎండ దెబ్బ’ అంటారు. మాటవరసకు పుట్టిన మాటలే అయినా, భౌతికశాస్త్రం దగ్గరికెళ్తే ఇవి అక్షరాలా నిజం. ఎండ కొడుతుంది. డాబా మీద తీగకు ఆరేసిన డబుల్‌కాట్ దుప్పటిని నిండు ఎండ అవతలికి తోస్తూనే ఉంటుంది. ఎంత బలంగానో తెలియాలంటే వంటింట్లో గసగసాల డబ్బా మూత తీసి, ఎనిమిదో పదో గింజలు అరచేతిలో వేసుకోండి. ఆ గింజలు చేతిని ఎంత నొక్కుతాయో, ఎండ ఆ దుప్పటిని అంత నొక్కుతుంది. పిల్లగాలికే దుప్పటి రెపరెపలాడుతుంటే ఈ తోపు సంగతి ఎవరికి తెలుస్తుంది?

గాలి లేని చోటికి తీసుకెళ్తే తెలుస్తుంది. భూమి వాతావరణం దాటాక ఒరిపిడి ఉండదు. సూర్యుడికి ఎదురుగా ఉన్నంతకాలం రాత్రి ఉండదు, మబ్బు ఉండదు. తోసే చెయ్యి ఒక్క క్షణం కూడా వెనక్కి తగ్గదు. అద్దంలా మెరిసే పల్చటి రేకును అక్కడ తెరచాపలా విప్పితే ఇంధనం చుక్క లేకుండా ఓడ కదులుతుంది. సౌర తెరచాప అంటే ఇంతే.

లెక్క కూడా చిన్నదే. భూమి దూరంలో ప్రతి చదరపు మీటరు మీదా సూర్యుడు 1,361 వాట్ల వెలుగు కుమ్మరిస్తాడు. ఆ సంఖ్యను కాంతి వేగంతో భాగిస్తే వెలుగు తోపు వస్తుంది. నల్లటి గుడ్డ మీదైతే చదరపు మీటరుకు నాలుగున్నర మైక్రోన్యూటన్లు, అద్దం మీదైతే దానికి రెట్టింపు, అంటే తొమ్మిది. రెట్టింపు ఎందుకంటారా? తడి మట్టిముద్దను తలుపుకేసి విసిరితే అది తలుపుకే అతుక్కుంటుంది. రబ్బరు బంతిని విసిరితే తలుపును కొట్టి వెనక్కి ఎగురుతుంది, ఆ ఎగరడంలో తలుపును ఇంకోసారి తన్నుతుంది. నల్లగుడ్డకు వెలుగు మట్టిముద్ద, అద్దానికి రబ్బరు బంతి.

కాంతి కణానికి, అంటే ఫోటాన్‌కి, ద్రవ్యరాశి లేదు. అయినా కదిలే వస్తువుకుండే ఊపు దానికీ ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో ఆ ఊపు పేరు ద్రవ్యవేగం. ద్రవ్యరాశే లేనిదానికి ద్రవ్యవేగం ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగిన పిల్లవాడికి మార్కులు కోయకుండా చాక్లెట్ ఇవ్వాలి. కదిలే శక్తి ఏదైనా తనతో ఊపును మోసుకెళ్తుంది, వెలుగు శక్తే కాబట్టి దానికీ ఊపు తప్పదు. అయితే దాని విలువ, శక్తిని కాంతి వేగమంత పెద్ద సంఖ్యతో భాగిస్తే వచ్చేది. అందుకే అంత అల్పం. చదరపు మీటరు అద్దం మీద ఎండ తోపు మూడు గసగసాల బరువు. చదరపు కిలోమీటరు, అంటే దాదాపు 247 ఎకరాల అద్దం పరిచినా కిలో పంచదార పొట్లాం బరువంత కూడా రాదు.

ఇంత తక్కువ తోపును నమ్ముకుని గ్రహాల మధ్య తిరగొచ్చని మొదట ఎవరికి అనిపించింది?

తప్పు వైపు తిరిగిన గాలిమర

తోకచుక్క తోక ఎటు పోయినా సూర్యుడికి అవతలి వైపే వాలి ఉంటుందని పదహారో శతాబ్దంలోనే గమనించారు. సూర్యకిరణాలే ఆ తోకను తోస్తున్నాయన్నది జొహానెస్ కెప్లర్ ఊహ. 1610లో గెలీలియోకు రాసిన లేఖలో ఆయన ఆకాశంలో వీచే గాలికి తగిన నావలూ తెరచాపలూ ఏదో ఒకరోజు తయారవుతాయని ఆశపడ్డాడు. దూరదర్శిని గొట్టం కొత్తగా చేతికొచ్చిన రోజులవి. కిరణాలే తోకను తోస్తాయన్న ఊహ సగం ఒప్పు. తోకచుక్కకు రెండు తోకలుంటాయి. ధూళి తోకను తోసేది వెలుగు, నీలిరంగు అయాన్ల తోకను తోసేది సూర్యుడి నుంచి వెలువడే విద్యుదావేశ కణాల ప్రవాహం. దాన్ని సౌర పవనం అంటారు. ఆ పేరు వినగానే సౌర తెరచాపను నడిపేది సౌర పవనమే అనుకోవడం చాలామందికి మామూలు. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. సౌర పవనం సెకనుకు నాలుగొందల కిలోమీటర్ల వేగంతో వీస్తుంది కానీ మరీ పలచన. వెలుగు తోపుతో పోలిస్తే దాని తోపు కొన్ని వేల రెట్లు తక్కువ. చాపను నడిపేది అచ్చంగా ఎండే.

కెప్లర్ ఊహకు గణితం ఇచ్చినవాడు జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్. వెలుగు విద్యుదయస్కాంత తరంగమైతే అది తగిలిన చోట ఒత్తిడి పుట్టి తీరాలని 1873 నాటి తన గ్రంథంలో తేల్చాడు. ఇక మిగిలింది కొలవడం.

ఇక్కడ మా హైస్కూలు సైన్సు గది గుర్తొస్తుంది. అద్దాల బీరువాలో విద్యుద్దీపం లాంటి గాజు బుడ్డి ఉండేది. దానిలో సూది మొన మీద నాలుగు చిన్న రేకులు, ఒక్కోదానికి ఒకవైపు మసినలుపు, రెండోవైపు వెండిమెరుపు. మాస్టారు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకొచ్చి ఎండ తగిలేలా పెట్టారు. రేకులు గిర్రున తిరిగాయి. ‘ఒరే, వెలుగు తోస్తోందిరా!’ అన్నారు. మేం నోళ్లు వెళ్లబెట్టాం. ఆ తర్వాత చాలా ఏళ్లకు అది తప్పని తెలిసింది. అది కూడా ఎవరో చెబితే కాదు, రబ్బరు బంతి లెక్కతో. వెలుగే తోస్తుంటే మెరిసే వైపు తోపు రెట్టింపు ఉండాలి కాబట్టి, రేకులు వెండివైపు వెనక్కి జరిగేలా తిరగాలి. బుడ్డిలో జరిగింది సరిగ్గా తిరగేసి. నలుపువైపు వెనక్కి జరుగుతూ తిరిగింది. విలియమ్ క్రూక్స్ 1873లో చేసిన ఆ బొమ్మలో తిప్పేది వెలుగు కాదు. బుడ్డిలో మిగిలిన కాస్త గాలి నల్లవైపు వేడెక్కి రేకును నెడుతుంది. గాలి పూర్తిగా తీసేస్తే బొమ్మ ఆగిపోతుంది. మాస్టారు మాత్రం తప్పేం చేశారు, అంతకు ముందు పెద్ద పెద్దవాళ్లే బోల్తాపడ్డారు.

ఆ గాలి పీడ వదిలించుకోవడమే కొలతలో అసలు కష్టం. మాస్కోలో ప్యోతర్ లెబెదేవ్ దాన్ని ఓపిగ్గా సాధించాడు. గాజు బుడ్డిలో సన్నటి తీగకు పలుచని లోహపు రేకులు వేలాడదీసి, లోపలి గాలిని అప్పటికి సాధ్యమైనంత తోడేసి, రేకుకు రెండువైపులా వేడి తేడా రాకుండా మరీ పలుచని ప్లాటినం వాడి, ఆర్క్ దీపం వెలుగును ఒకసారి ఇటు, ఒకసారి అటు పడేలా చేసి తీగ ఎంత మెలి తిరిగిందో చూశాడు. 1900లో పారిస్ సమావేశంలో చెప్పి, 1901లో ప్రచురించాడు. అదే సమయంలో అమెరికాలో నికల్స్, హల్ అనే ఇద్దరు ఇదే కొలతను ఇంకా నిక్కచ్చిగా తీశారు. మాక్స్‌వెల్ చెప్పింది చెప్పినట్టే వచ్చింది.

మన దేశంలో ఈ సంగతిని పట్టించుకున్నవాడు మేఘనాద్ సాహా. పాతికేళ్లు నిండిన రోజుల్లో కలకత్తాలో కూచుని వెలుగు ఒత్తిడి మీద పనిచేశాడు. వెలుగు పొట్లాలు పొట్లాలుగా వస్తుంది కాబట్టి ఒక్కో అణువును విడిగా తన్నగలదని, సూర్యుడి మీది అణువులు అంత గురుత్వాన్ని కాదని పైకి లేవడానికి అదే కారణం కావచ్చని 1919లో రాశాడు. తర్వాత వచ్చిన ఆయన అయనీకరణ సమీకరణం కీర్తి ముందు ఈ పని మరుగునపడింది.

అంటే సౌర తెరచాప భౌతికశాస్త్రం నూటపాతికేళ్ల కిందటే పూర్తయిపోయింది. తర్వాతిదంతా బట్ట కథ.

సూర్యుడి వైపు వెళ్లేదెలా?

బట్ట కథలోకి వెళ్లేముందు ఒక సందేహం తీర్చుకోవాలి. వెలుగు ఎప్పుడూ సూర్యుడి నుంచి బయటికే తోస్తుంది కదా. మరి ఈ చాప శుక్రుడి దాకా, బుధుడి దాకా, సూర్యుడికేసి ఎలా వెళ్తుంది?

గోదావరి మీద తెరచాప పడవలు తిరిగిన రోజుల్లో సరంగుకు పక్కగాలి వస్తే బెంగలేదు. చాపను ఏటవాలుగా తిప్పి, చుక్కాని అదిమిపట్టి పడవను తనకు కావలసిన వైపు పోనిచ్చేవాడు. చాపను గాలి ఒకవైపు తోస్తుంటే, పడవ పక్కకు జారిపోకుండా నీళ్లు ఒడిసిపట్టేవి. ఈ రెండింటి పెనుగులాటలోంచి పడవ ముందుకు జారేది. అచ్చమైన ఎదురుగాలైతే చాప దించేసి, తాడు భుజాన వేసుకుని గట్టు వెంట లాక్కుపోవడమే.

అంతరిక్షంలో నీళ్లు లేవు. చుక్కాని వేయడానికి ఏమీ లేదు. కానీ సూర్యుడి ఆకర్షణ ఉంది. నీళ్లు చేసే పని అది చేస్తుంది. భూమి నుంచి విడిపోయిన ఏ ఓడైనా ఒకచోట నిలబడి ఉండదు. భూమిలాగే సూర్యుడి చుట్టూ సెకనుకు ముప్పై కిలోమీటర్ల వేగంతో తిరుగుతూ ఉంటుంది. పడిపోకుండా దాన్ని ఆపుతున్నది ఆ వేగమే. చాపను ఏటవాలుగా తిప్పి, దానిమీద పడ్డ వెలుగు ఓడకు ముందువైపు చిమ్మేలా చేస్తే ఓడకు వెనక్కి తోపు తగులుతుంది. వేగం పిసరంత తగ్గుతుంది. తగ్గినంత మేర సూర్యుడు లోపలికి లాగుతాడు. రోజుల తరబడి అలా చేస్తే చుట్టలు చుట్టుకుంటూ సూర్యుడికేసి జారుతుంది. చాపను రెండోవైపు తిప్పితే వేగం పెరిగి, అవే చుట్టలు బయటికి విచ్చుకుంటాయి. వెనకనుంచి తోసే చెయ్యి ఒకటే అయినా, చాప వాలు మార్చి రెండు దారులూ పట్టొచ్చు.

ఇందులో ఒక తమాషా ఉంది. వేగం తగ్గించుకుంటూ లోపలికి పోయిన ఓడ చివరికి ఇంకా వేగంగా తిరుగుతుంది. భూమి సెకనుకు ముప్పై కిలోమీటర్లు తిరిగితే శుక్రుడు ముప్పై అయిదు. కిందికి జారుతుంటే సూర్యుడు ఇచ్చే వేగం, చాప తగ్గించిన వేగం కన్నా ఎక్కువ.

ఎంత వాల్చాలన్నదానికీ లెక్కుంది. చాపను వాల్చినకొద్దీ దాని మీద పడే వెలుగు తగ్గుతుంది, తోపు దిశ మాత్రం పక్కకు మళ్లుతుంది. పక్కతోపు అన్నిటికన్నా ఎక్కువ వచ్చేది సుమారు 35 డిగ్రీల వాలులో. అప్పుడు కూడా మొత్తం తోపులో అయిదింట రెండు వంతులైనా దక్కదు. గసగసాల లెక్కలో మళ్లీ కోత.

మనకూ ఒక చాప ఉంది

తొంభైల్లో తుఫాను హెచ్చరిక వచ్చిందంటే కోస్తా అంతా దూరదర్శన్ వార్తల ముందు కూచునేది. బంగాళాఖాతం మీద తెల్లటి సుడి, దాని పక్కన భారతదేశం పటం గీతలు. ఆ బొమ్మ పంపింది ఇన్‌శాట్. ఆ ఉపగ్రహానికి ఒక తెరచాప ఉండేదని ఎంతమందికి తెలుసు?

ఆ చాప ఎందుకొచ్చిందో చెబితే ఉపగ్రహాలు తయారుచేసేవాళ్ల తిప్పలు తెలుస్తాయి. రాత్రిపూట కూడా మేఘాలు చూడాలంటే పరారుణ కిరణాలను పట్టుకోవాలి. వాటిని పట్టే పరికరం తనే వెచ్చగా ఉంటే లాభం లేదు, దాన్ని గడ్డకట్టే చలిలో ఉంచాలి. ఉపగ్రహం ఉత్తరం వైపు గోడను ఖాళీగా వదిలి, ఆ వైపున్న చీకటి ఆకాశంలోకి వేడి వెళ్లిపోయేలా చేస్తే పని జరుగుతుంది. కానీ మామూలుగా ఉపగ్రహానికి ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి సౌరఫలకాల రెక్కలుంటాయి. ఉత్తరం రెక్క ఉంటే దాని వేడి ఈ చలిగదిని చెడగొడుతుంది. అందుకని ఆ రెక్క తీసేశారు. ఒంటిరెక్క పక్షి మిగిలింది.

ఇప్పుడు ఎండ తన పని మొదలుపెడుతుంది. దక్షిణాన ఉన్న రెక్క మీద గసగసాల తోపు, ఉత్తరాన ఏమీ లేదు. ఒకవైపే బరువున్న కావడిలా ఉపగ్రహం మెల్లగా ఒరిగిపోతుంది. ప్రతిసారీ ఇంధనం మండించి సరిచేస్తూ పోతే ఉపగ్రహం ఆయుష్షు తగ్గుతుంది. దీనికి వేసిన ఎత్తు, ఉత్తరం వైపు పొడవాటి సన్నని కాడ చాచి దాని చివర తేలికైన చాప కట్టడం. చలిగదికి దూరంగా ఉంటుంది కాబట్టి దాని వేడి బాధ లేదు, కాడ పొడవు కాబట్టి చిన్న చాపైనా పెద్ద రెక్కకు సరితూగుతుంది. కావడి రెండోవైపు కుండ కట్టినట్టు. అమెరికాలో తయారైన ఇన్‌శాట్-1బి 1983లో ఈ ఏర్పాటుతోనే వెళ్లింది. 1992లో వెళ్లిన ఇన్‌శాట్-2ఎను మనవాళ్లే తయారుచేశారు, దానికీ ఇదే చాప. ప్రయాణానికి కాకుండా నిలకడకు వాడుకున్న చాపలివి. పేరుకు చిన్నవే కానీ, సౌర తెరచాప గురించి రాసే ఇంగ్లిషు పుస్తకాలు వీటిని తలవకుండా దాటేయడం నాకు ఎప్పుడూ లోటుగానే అనిపిస్తుంది.

నిలకడ మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. దూరపు నక్షత్రాల గ్రహాల్ని వెతికిన నాసా టెలిస్కోపు నాలుగు చక్రాల సాయంతో గురి నిలుపుకునేది. 2013 నాటికి రెండు చక్రాలు పాడయ్యాయి. మూడో చక్రం లేకపోతే గురి తప్పుతుంది. ఇంజినీర్లు దాన్ని సూర్యుడికి ఒక పక్కగా తిప్పి, సౌరఫలకాల మీద రెండువైపులా ఎండ సమంగా తగిలేలా ఆనించారు. ఎండే మూడో చక్రమైంది. 2018 దాకా అలా పనిచేసింది. ఆ టెలిస్కోపు పేరు కెప్లర్.

విప్పడమే అసలు విద్య

ప్రయాణపు చాప గురించి గట్టిగా ఆలోచించింది 1976లో. పదేళ్లలో హేలీ తోకచుక్క వస్తోంది. దాని పక్కనే నడవాలంటే గ్రహాలు తిరిగే వైపుకు ఎదురు తిరగాలి. రాకెట్ ఇంధనంతో అది తలకు మించిన పని. కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబరేటరీలో లూయిస్ ఫ్రీడ్‌మన్ బృందం 800 మీటర్ల భుజం ఉన్న చదరపు చాపను గీసింది. అంటే దాదాపు 158 ఎకరాలు. తర్వాత దాన్ని వదిలేసి, ఒక్కోటి ఏడున్నర కిలోమీటర్ల పొడవుండే పన్నెండు రిబ్బన్ల గాలిమరను గీశారు. ఖగోళశాస్త్రవేత్త కార్ల్ సేగన్ ఒక నమూనా పట్టుకెళ్లి టీవీలో చూపించాడు. 1977లో నాసా ఆ పథకాన్ని అటకెక్కించింది. ఎక్కించకపోతే ఏమయ్యేదో నాకు అనుమానమే. 158 ఎకరాల రేకును ఎవరూ లేని చోట మడత విప్పడం నాటి మాట కాదు, నేటికీ కాదు.

విప్పి చూపించినవాళ్లు జపానువాళ్లు. 2010 మే 21న తానెగషిమా నుంచి శుక్రగ్రహానికి వెళ్లే అకత్సుకి నౌకతో పాటు ఒక డ్రమ్ములాంటి వస్తువు ఎగిరింది. మీటరున్నర పైచిలుకు వ్యాసం, మీటరు కన్నా తక్కువ ఎత్తు, 310 కిలోల బరువు. పేరు ఇకారోస్. డ్రమ్ము చుట్టూ చీరను కుచ్చిళ్లు పెట్టి చుట్టినట్టు నాలుగు రేకులు చుట్టి ఉన్నాయి. మందం ఏడున్నర మైక్రాన్లు, వెంట్రుకలో పదో వంతు, ఒకవైపు అల్యూమినియం పూత. పూర్తిగా విచ్చుకుంటే 14 మీటర్ల భుజం. మన లెక్కలో 234 గజాలు, హైదరాబాద్ శివార్లలో ఓ మోస్తరు ప్లాటు.

విప్పడానికి కర్రల్లేవు. కర్రలు పెడితే బరువు. ఒసాము మోరి బృందం కవ్వం పద్ధతి ఎంచుకుంది. రేకుల నాలుగు కొసలకూ అరకిలో చొప్పున గుండ్లు కట్టారు. డ్రమ్మును నిమిషానికి 25 చుట్లు తిప్పారు. గుండ్లు బయటికి లాగుతుంటే, చుట్టను ఒక్కసారిగా వదిలేయకుండా లోపల ఆపుడుకర్రలతో కొద్దికొద్దిగా వదిలారు. మొదట ప్లస్ గుర్తులాంటి నాలుగు పట్టీలు వచ్చాయి. ఆపుడుకర్రలు దించగానే పట్టీల మడతలు విచ్చుకుని చదరమైంది. చేతులు చాచి గిరగిరా తిరిగే పిల్ల వేగం తగ్గినట్టే, చాప విచ్చుకున్నకొద్దీ తిరుగుడు నెమ్మదించింది. జూన్ మొదటి పది రోజుల్లో పని అయిపోయింది.

విచ్చుకుందని చూసేదెలా? పక్కన ఎవరూ లేరు. గుప్పిట్లో పట్టే రెండు చిన్న కెమెరాలను స్ప్రింగుతో బయటికి విసిరారు. అవి తిరిగి రావు. దూరమవుతూ దూరమవుతూ వెనక్కి చూస్తూ ఫొటోలు పంపి, బ్యాటరీ అయిపోయి ఆగిపోయాయి. ఆ ఫొటోలో నల్లటి శూన్యంలో ఒక చదరం, నాలుగు మూలలా బిర్రుగా లాగినట్టు, మధ్యలో డ్రమ్ము. చాపను ఎవరైనా దూరం నుంచి చూసిన మొదటి దృశ్యం అది.

తర్వాత కొలత. రేడియో సంకేతాల్లో మార్పును బట్టి చాప మీద తోపు 1.12 మిల్లీన్యూటన్లని తేల్చారు. అయిదారు బియ్యపు గింజల బరువు. అది తోస్తున్నది ఇద్దరెక్కిన బుల్లెట్ బండి బరువును. పగలూ రాత్రీ తేడా లేకుండా తోస్తే ఒక రోజు గడిచేసరికి వేగం సెకనుకు ముప్పై సెంటీమీటర్లు పెరుగుతుంది, పాకే పసిపిల్ల నడక. కొందరు దీన్ని చక్రవడ్డీతో పోలుస్తారు కానీ ఇది బారువడ్డీ. రోజూ ఓ కాస్త జమ అవుతుంది. గొప్పతనమంతా, ఆ ఖాతా ఎప్పటికీ మూతపడకపోవడంలో ఉంది. సూర్యుడికి దగ్గరవుతున్నకొద్దీ తోపు కూడా పెరిగి, ఆరు నెలలకు జమ అయిన వేగం సెకనుకు సుమారు వంద మీటర్లు.

ఆ చాప చుక్కాని ముచ్చట చెప్పకపోతే వెలితి. అంచుల్లో కాలిక్యులేటరు తెరలాంటి ద్రవస్ఫటిక పట్టీలు కుట్టారు. కరెంటు ఇస్తే అద్దంలా మెరుస్తాయి, ఆపితే మసకబారతాయి. తిరుగుతున్న చాపలో ఒకవైపు పట్టీలు మెరిసి, రెండోవైపు మసకబారితే తోపులో తేడా వచ్చి చాప వాలు మారుతుంది. కదిలే ముక్క ఒక్కటీ లేదు. చాప మాత్రం అనుకున్నంత నున్నగా లేదు. ముడతలు పడి, ఆ ముడతల మీద వెలుగు పక్కకు చిమ్మి, గాలిమర రేకుల్లా దాని తిరుగుడు వేగాన్ని మార్చేసింది. ఇస్త్రీ చేయడానికి అక్కడ ఎవరున్నారు?

2010 డిసెంబరు 8న ఇకారోస్ శుక్రుడికి 80,800 కిలోమీటర్ల దూరంలో దాటిపోయింది. దానికి ఒక రోజు ముందు, ఇంజినున్న తోటి నౌక అకత్సుకి శుక్రుడి కక్ష్యలోకి దిగే ప్రయత్నంలో ఇంజిను మొరాయించి దారి తప్పింది. అయిదేళ్లు సూర్యుడి చుట్టూ తిరిగి 2015లో మళ్లీ వచ్చి చేరింది. అది చేరినందుకు సంతోషమే. అయినా ఆ వారం రోజుల వార్తలు చూస్తే చాప పక్షాన నవ్వొస్తుంది.

ఫ్రీడ్‌మన్ అటకెక్కిన పథకాన్ని మరచిపోలేదు. సేగన్‌తోనూ బ్రూస్ మరేతోనూ కలిసి స్థాపించిన ప్లానెటరీ సొసైటీ 2005లో కాస్మోస్-1 అనే చాపను రష్యా జలాంతర్గామి నుంచి రాకెట్టులో పంపింది. రాకెట్టు విఫలమై చాప విప్పే దాకా రాలేదు. వేలమంది చందాలతో దాదాపు 70 లక్షల డాలర్లు కూడగట్టి 2019లో లైట్‌సెయిల్-2 పంపారు. బ్రెడ్ పొట్లాం సైజు పెట్టెలోంచి 32 చదరపు మీటర్ల చాప విచ్చుకుంది. భూమి చుట్టూ తిరిగే చాపకు ఇంకో తలనొప్పి ఉంది. సగం చుట్టు సూర్యుడికి ఎదురు పోతుంది, సగం చుట్టు దూరంగా పోతుంది. ఎదురు పోతున్నప్పుడు చాపను అంచుగా తిప్పి వెలుగు తగలనివ్వకూడదు, దూరంగా పోతున్నప్పుడు నిండుగా చూపించాలి. ప్రతి వంద నిమిషాలకూ రెండుసార్లు ఈ గిరికీలు. జులై నెలాఖరున నాలుగే రోజుల్లో కక్ష్యలో ఎత్తైన కొన 1.7 కిలోమీటర్లు పైకి లేచింది. ఒక్క ఎండతోనే. కానీ 720 కిలోమీటర్ల ఎత్తులో కూడా గాలి జాడ ఉంటుంది. ఎండ గసగసాలు పెడుతుంటే గాలి అంతకన్నా ఎక్కువే లాక్కుపోతున్నట్టు లెక్క. మూడేళ్లకు పైగా పెనుగులాడి 2022 నవంబరు 17న కాలిపోయింది. దానికి సరిగ్గా ఒక రోజు ముందు నాసా చందమామ రాకెట్టులో ఇంకో చాప బయల్దేరింది. 86 చదరపు మీటర్ల నియా స్కౌట్. అది పలకనే లేదు.

గ్రామున్నర

ఈ పేజీ అచ్చయిన కాగితం మీ చేతిలో ఉందిగా. పత్రికల కాగితం చదరపు మీటరుకు 45 గ్రాములు తూగుతుంది. సంక్రాంతి గాలిపటం కాగితం అందులో సగం కూడా ఉండదు. ఇప్పుడు ఒక సంఖ్య చెబుతాను, 1.53. చదరపు మీటరుకు 1.53 గ్రాములు తూగే నిఖార్సైన అద్దపు చాప ఉంటే, దాన్ని వెలుగు తోసే తోపు సూర్యుడి లాగుడుకు సరిసమానమవుతుంది. దూరం పెరిగితే రెండూ ఒకే లెక్కన తగ్గుతాయి, కాబట్టి ఎక్కడ పెట్టినా సమానమే. ఆ చాప సూర్యుడి చుట్టూ తిరగనక్కర్లేదు, ఊరికే నిలబడొచ్చు.

రేకు ఒక్కటే కాదు, దాని కాడలూ పెట్టె కెమెరా రేడియో అన్నీ కలిపి గ్రామున్నర. ఇకారోస్ మొత్తం బరువును దాని చాపకు పంచితే చదరపు మీటరుకు కిలో ఆరొందల గ్రాములు. అవసరానికి వెయ్యి రెట్లు. లైట్‌సెయిల్-2కు 156 గ్రాములు, వంద రెట్లు. తొమ్మిదేళ్లలో పదో వంతుకు తగ్గించారు. అందుకే నాసా 2024లో పంపిన చాపలో పరీక్షించింది వెలుగును కాదు, కాడలను. కార్బన్ పీచుతో చేసిన ఏడు మీటర్ల కాడలను వడ్రంగి టేపులా చదునుగా చుట్టి, మైక్రోవేవ్ ఓవెను సైజు పెట్టెలో పెట్టారు. ఆగస్టు 29న విచ్చుకున్నాయి, ఒక కాడ కాస్త వంగింది. 80 చదరపు మీటర్ల ఆ చాప సాయంత్రం వేళల్లో ఆకాశంలో కదిలే చుక్కలా మామూలు కంటికే కనిపించేంత మెరుస్తుంది.

నక్షత్రాలకు గ్రాము బరువు చాపల్ని లేజర్లతో తోసి కాంతి వేగంలో అయిదో వంతుతో పంపుతామని 2016లో ఒక పథకం ప్రకటించారు. అది ఎండ కాదు, నేల మీంచి వేసే టార్చిలైటు. దాని సంగతి వేరే రోజు.

నాకు ఆసక్తి కలిగించేది ఇంకా దగ్గరి పని. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న ఎగిరిన ఆదిత్య-ఎల్1 ఇప్పుడు మనకు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి లాగుడూ భూమి లాగుడూ సర్దుకునే బిందువు చుట్టూ తిరుగుతోంది. సూర్యుడి మీద తుఫాను లేస్తే దాని కణాలు ముందు అక్కడికి, ఆ తర్వాత మన దగ్గరికి వస్తాయి. ఆ మధ్యలో చేతికొచ్చే వ్యవధి తక్కువ. ఇంకా సూర్యుడి వైపు జరిగి నిలబడగలిగితే ముందే తెలుస్తుంది, కానీ అక్కడ సూర్యుడి లాగుడు ఎక్కువ, రాకెట్టుతో నిలబడాలంటే ఇంధనం ఎన్నాళ్లు సరిపోతుంది? చాప ఉంటే ఎండ తోపు ఆ అదనపు లాగుడును కొంత తీసేస్తుంది. నిలబడే చోటే సూర్యుడి వైపు జరుగుతుంది. నాసా దీనికోసం సోలార్ క్రూజర్ పేరుతో 1,650 చదరపు మీటర్ల చాప తలపెట్టింది. దాదాపు రెండు వేల గజాలు, రెండున్నర మైక్రాన్ల మందం. 2022లో ప్రయాణానికి అనుమతి ఇవ్వలేదు.

అయినా రేకు కుట్టడం ఆపలేదు. 2024 జనవరిలో కొలరాడో రాష్ట్రం లాంగ్‌మాంట్‌లోని ఒక కర్మాగారంలో, నాలుగు త్రికోణాల చాపలో ఒక త్రికోణాన్ని నేల మీదే విప్పి చూశారు. నాలుగొందల చదరపు మీటర్లు, మన లెక్కలో 480 గజాలు. సజావుగానే విచ్చుకుంది. నాలుగు త్రికోణాల ఆ చాపకు ఇంకా రాకెట్టు కుదరలేదు.